తెల్లగా వచ్చిన పేజీ

రాజాంలో నేను పనిచేసే కాలేజీ ఆఫీసులో రెండే కంప్యూటర్లు. ఒకటి నాది, రెండోది సీనియర్ అసిస్టెంటుది. నాకంటే ఇరవై ఏళ్ళు పెద్ద, అందుకే అక్కా అని పిలిచేదాన్ని. భర్త పోయాక తమ్ముడింట్లో ఉంటూ ఆ ఉద్యోగంతోనే రోజులు నెట్టుకొచ్చింది.

ఆవిడ కంప్యూటర్‌లో ఒక చిక్కు ఉండేది. మెయిల్ ప్రోగ్రాంలో ఏ లింకు నొక్కినా పాత బ్రౌజర్‌లోకి పోయేది. దాంట్లో కొత్త సైట్లు తెరుచుకోవు. పేజీ తెల్లగా వచ్చి అలాగే ఉండిపోయేది. కొత్త బ్రౌజర్ కూడా అందులోనే ఉంది. లింకులు ఇకపై అందులో తెరవమని సెట్టింగుల్లో ఒక్కసారి మారిస్తే చాలని నాకు తెలుసు. అయినా ఆవిడ పిలిచినప్పుడల్లా లేచి వెళ్ళి, లింకు కాపీ చేసి, కొత్తదాంట్లో వేసి వచ్చేసేదాన్ని.

"ఏటే, రోజూ ఇలగ లేచొస్తావు? ఒక్కసారి బాగుసేసీరాదూ?" అనేది.

"రేపు చేస్తానక్కా."

ఏడాది గడిచింది.

ఎండాకాలంలో ఆవిడ రొమ్ములో గడ్డ తగిలింది. విశాఖపట్నం వెళ్ళి పరీక్షకి ముక్క తీయించుకుంది. రిపోర్టు మెయిల్‌లో పంపుతామన్నారట. ఫోన్‌లో మెయిల్ చూసే అలవాటు లేదు గనక ఆఫీసు మెయిలే ఇచ్చింది. సరిగ్గా ఆ వారమే నాకు అమ్మవారు పోసింది. ఒళ్ళంతా పొక్కులు, జ్వరం. గది దాటలేదు.

నాలుగో రోజు అక్క ఫోన్ చేసింది.

"ఎలగున్నావే?"

"పర్లేదక్కా. రిపోర్టు వచ్చిందా?"

"మెయిలు వచ్చినాది. నొక్కితే తెల్లగా వస్తన్నాది. ఇంకా పెట్టనేదేమో."

"అంతే అయ్యుంటుంది. రెండ్రోజులాగి చూడక్కా," అన్నాను. జ్వరంలో ఆ పాత బ్రౌజర్ సంగతే నాకు తట్టలేదు.

రెండు వారాలకి ఆఫీసుకి వెళ్ళాను. "వచ్చీసినావా? ఇదిగో, ఇయ్యాల కూడా తెల్లగానే వచ్చినాది," అంటూ తెర చూపించింది. తెర మీద ఉన్నది ఆ పాత బ్రౌజరే. ఆఫీసులో ఇంకెవర్నీ అడగలేదేమని అడిగితే, "ఆ రిపోర్టు మగాళ్ళకి ఎలగ సూపిస్తానే?" అంది. మళ్ళీ తనే, "తెల్లగా వస్తంటే ఒకందుకు బాగానే అనిపించినాది," అంది.

ఆవిడ కుర్చీలో కూర్చున్నాను. సెట్టింగులు తెరిచి, డిఫాల్ట్ యాప్స్‌లోకి పోయి, పాత బ్రౌజర్ తీసేసి కొత్తది పెట్టాను. నిమిషం కూడా పట్టలేదు. మళ్ళీ మెయిల్‌లోకి వచ్చి లింకు నొక్కాను. పుట్టిన తేదీ అడిగింది. అక్క నా వెనక నిలబడి మెల్లిగా చెప్పింది. పేజీ తెరుచుకుంది.

ఇంగ్లీషులో నాలుగు లైన్లు. ముప్పై ఏళ్ళు ఫైళ్ళు చదివిన మనిషి, నేను చెప్పాల్సిన పనిలేదు.

"అదేనా?" అంది.

"అదేనక్కా."

"ఎప్పుడు పెట్టినారో సూడు."

కింద తేదీ ఉంది. ఆవిడ నాకు ఫోన్ చేసిన రోజే. ఇద్దరం చూశాం. అడ్మిషన్ కోసం ఎవరో పిల్ల తండ్రితో కౌంటరు దగ్గరికొస్తే, అక్కే వెళ్ళి ఫారం ఇచ్చి, ఎక్కడ సంతకం పెట్టాలో చూపించి వచ్చింది.

ఆపరేషన్ అయింది. జబ్బు అప్పటికే చంకలోకి పాకిందన్నారు. మందులు ఎక్కించడం మొదలయ్యాక జుట్టంతా ఊడిపోయింది. ఆదివారాలు వాళ్ళ తమ్ముడింటికి వెళ్ళేదాన్ని. ఒకరోజు నేను ఏడుపు ఆపుకోలేకపోతే చెయ్యి పట్టుకుంది.

"డాక్టర్ని అడిగినానే. పదిరోజులు ముందొచ్చినా ఇంతే అన్నాడు. నువ్వు మనసులో ఏటీ పెట్టుకోకు."

నిజంగా అడిగిందో, నా కోసం అలా అందో నాకు తెలీదు. డాక్టరు దగ్గరికి ఆవిడ వెంట వెళ్ళేది వాళ్ళ తమ్ముడే. ఆవిడ కార్తీకంలో పోయింది. పెద్దకర్మ నాడు భోజనాల దగ్గర ఆయన నా పక్కనే కూర్చున్నాడు. అడుగుదామని రెండుసార్లు నోటిదాకా వచ్చింది. అడగకుండానే లేచి వచ్చేశాను.