అమీర్‌పేటలో మగ్గాల లెక్క

పంజాగుట్ట దర్జీ ఉప్పలయ్య కొడుకు శివరాములుకు యూనివర్సిటీ వజీఫా మంజూరైందని తెలిసిన రోజు, ఉప్పలయ్యకు సంతోషం కంటే ముందు అనుమానం వచ్చింది. ఎం.ఏ. అయిపోయింది. ఇంకా చదువుతానంటే ఎదురు డబ్బిచ్చి మరీ చదివించేవాళ్లు ఉంటారా అని.

"రెండేండ్లు నెలనెలా ఇస్తరా? మరి పనేంది?" అని అడిగాడు, షేర్వాణీ మెడపట్టీ కుడుతూ తలెత్తకుండానే.

"నేత పనోళ్ల బతుకు మీద పరిశోధన, నాయినా. ఇంటింటికి పోవాలె, అడగాలె, రాసుకోవాలె. అంతా అయినంక డాక్టరేటు ఇస్తరు."

ఉప్పలయ్య సూది ఆపాడు. సిద్దిపేటలో మగ్గం గుంటలోంచి లేచి పట్నం వచ్చినవాడు ఆయన. కొడుకు నూలు ముట్టకుండా పెరగాలని ఇరవై ఏళ్లుగా కత్తెర పట్టుకున్నాడు. "మగ్గం వద్దని నేను ఈడికొస్తే, నీకు పైసలిచ్చి మళ్ల ఆడికే తోలుతుండ్రా," అని మాత్రం అని, మళ్లీ కుట్టుకోసాగాడు.

అది 1944. యుద్ధం నడుస్తోంది. బియ్యానికీ రేషన్ చీటీయే, నూలుకూ రేషన్ చీటీయే. శివరాములుకు ఇరవై నాలుగేళ్లు, కళ్లద్దాలు, ఎప్పుడూ మడత నలగని చొక్కా. ప్రొఫెసరు మూడుసార్లు దిద్ది ఇచ్చిన ఎనభై ఆరు ప్రశ్నల కాగితం చేతిలో ఉంది. ఆ ప్రశ్నల నుంచి తప్పించుకుపోగల మనిషి ఇంకా పుట్టలేదని అతని నమ్మకం. ఉర్దూలో ఉన్న వాటిని రాత్రంతా కూర్చుని తెలుగు చేసుకుని, సోమవారం పొద్దున్నే సైకిలెక్కి అమీర్‌పేట నేత గల్లీకి బయలుదేరాడు.

గల్లీలో యాభై ఎనిమిది ఇళ్లు. పెద్దమనిషి మొగిలయ్య ఎదురొచ్చి, మంచం వాల్చి, చాయ తెప్పించి, కాగితాలకేసి జాగ్రత్తగా చూశాడు. శివరాములు సంగతంతా చెప్పాడు. మొగిలయ్య అంతా విని తల ఊపి, తనే వెంట ఉండి ఇల్లిల్లూ తిప్పాడు. అడిగిన ప్రతిదానికీ జనం టక్కున జవాబు చెప్పారు. శివరాములుకు కాస్త గర్వంగానే ఉంది. తనతోపాటు వజీఫా వచ్చినవాళ్లు పల్లెల్లో ఎవరూ నోరు విప్పడం లేదని ఏడుస్తుంటే, ఇక్కడ కాగితం మీంచి తలెత్తి చూసే తీరికే లేదు, రాసుకోవడానికి చెయ్యి చాలడం లేదు.

ఒక్క బుచ్చవ్వ దగ్గరే కొంచెం ఆగాల్సి వచ్చింది. గల్లీ చివర ఒంటిగా ఉంటూ తువ్వాళ్లు నేసే ముసలామె ఆమె. ముప్పై ఒకటో ప్రశ్న: ఖాళీ సమయంలో మీరు ఏం చేస్తారు?

"ఖాళీ సమయమంటే ఏంది బిడ్డా?"

"పనేమీ లేనప్పుడు, అవ్వా."

ఆమె పడుగు పోగుల మధ్య ఆగిన నాడెను వేలితో తట్టింది. "గిప్పుడే దొరికింది. నువ్వొచ్చి కూసుంటే నాడె ఆపిన గదా. గిదే రాసుకో."

శివరాములు 'జవాబు లేదు' అని రాసుకున్నాడు.

మూడు వారాల్లో పని ముగించి, పట్టికలు గీసి, ప్రొఫెసరు ముందు పెట్టాడు. ఆయన కాగితాలు తిప్పుతూ ఒకచోట ఆగి, పెన్సిలుతో లెక్క వేసుకున్నాడు. నూట ముప్పై ఒక్క మగ్గాలు. ఒక్కో ఇల్లు పన్నెండడుగుల గది. ఆయన కళ్లద్దాలు తీసి, చాలా మర్యాదగా ఉర్దూలో అడిగాడు: "మగ్గాలన్నీ ఇంట్లో ఉంటే, మనుషులు ఎక్కడ పడుకుంటున్నారు మియాఁ?"

శివరాములు పట్టికలు చుట్టచుట్టి చంకన పెట్టుకున్నాడు.

అటునుంచి అటే అమీర్‌పేట వచ్చాడు. మొగిలయ్య మొహం చూడాలనిపించక నేరుగా బుచ్చవ్వ గడపలో కూలబడ్డాడు.

"అందరు అబద్ధం చెప్పిండ్రా అవ్వా?"

"నీకెవరు చెప్పిండ్రు బిడ్డా? నూలు చీట్ల సాబుకు చెప్పిండ్రు. కాగితం పట్టుకొని మగ్గాలెన్ని అని అడిగెటోడు ఇంకెవడు ఉంటడు?"

"నేను చదువుకునేటోన్నని చెప్పిన గదా."

"పోయినసారి వచ్చి చీట్లు కోసినోడు సుత మంచిగనే మాట్లాడిండు."

శివరాములు సందేహంగా అడిగాడు. "నువ్వెన్ని చెప్పినవ్?"

"మూడు," అంది బుచ్చవ్వ, సిగ్గుపడకుండా. ఆమె గదిలో ఉన్నది ఒక్క మగ్గమే. అదీ ఆమె పక్కకు జరిగితేనే కనిపిస్తుంది. మొగిలయ్యయితే రెండు మగ్గాలుంచుకుని తొమ్మిది చెప్పాడట. అందులో ఒకటి పోయినేడు కన్నుమూసిన అత్త పేరు మీద ఉంది.

"ఇప్పుడెట్ల మరి?" అన్నాడు శివరాములు.

"గా కాగితం ఆడ పెట్టు. గీ రాట్నం ముందు కూసొని జర కండెలు చుట్టు."

శివరాములు కూర్చుని, నాడెలో పెట్టే ఆ చిన్న గొట్టాలకు దారం చుట్టబోయాడు. దారం తెగింది. అతికితే మళ్లీ తెగింది. గడప దగ్గర చేరిన ఆడవాళ్లు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వారు. సిద్దిపేట నేతోళ్ల పిల్లగాడట, దారం పట్టరాదట అని గల్లీ అంతా పాకింది. మర్నాడు అతన్ని చూడ్డానికే నలుగురు పని మానుకుని వచ్చారు.

నెలన్నరకు దారం తెగడం తగ్గింది. ఆ నెలన్నరలో అతను ఒక్క ప్రశ్నా అడగలేదు. కానీ పక్కన కూర్చుని కండె చుట్టేవాడి ముందు జనం దాచుకోరు. ఎవరింట్లో మగ్గం అచ్చు విరిగిందో, ఎవరు ఎప్పటి నుంచి ఖాళీగా ఉన్నారో అన్నీ చెవిన పడ్డాయి. అసలు మగ్గాలు యాభై నాలుగు. ఒక మగ్గానికి చీటీ మీద వచ్చే నూలు నెలలో తొమ్మిది రోజులకే అయిపోతుంది. మూడు మగ్గాలని చెప్పుకుంటే తప్ప ఒక్క మగ్గం నెలంతా ఆడదు.

ఇప్పుడు శివరాములుకు నిజం దొరికింది, నిద్ర పోయింది. యాభై నాలుగని రాస్తే, ఆ పరిశోధన పుస్తకం ఏ అధికారి కంటనైనా పడి చీటీలు కోసేస్తే? నూట ముప్పై ఒకటని రాస్తే ప్రొఫెసరు మళ్లీ కళ్లద్దాలు తీస్తాడు. రెండు రోజులు తిండి సయించక, చివరికి బుచ్చవ్వనే అడిగాడు.

"ఉన్నదున్నట్టు రాయనా, వద్దా?"

ఆమె నాడె ఆపలేదు. "రాయి. ఎన్ని ఉన్నయో రాసినంక, గవి ఎన్ని రోజులు ఉత్తగున్నయో సుత రాయి. ఒకటి రాసి ఒకటి ఇడిస్తేనే మాకు ముప్పు."

అది ఎనభై ఆరు ప్రశ్నల్లో లేదు. మగ్గం ఆగిన ప్రతి రోజూ గోడ మీద బొగ్గుతో గీత పెట్టమని ఇల్లిల్లూ తిరిగి బతిమాలాడు. ఈసారి నమ్మారు. వీడు మరీ అమాయకుడు, వీడితో మనకు నష్టం ఉండదని మొగిలయ్య హామీ ఇచ్చాడట. ఆ మాట విని శివరాములు మూడు రోజులు అలిగాడు, కానీ గీతలు లెక్కపెట్టడం మానలేదు. ప్రొఫెసరు యూనివర్సిటీకి గట్టిగా రాసి వజీఫాకు ఆరు నెలల పొడిగింపు ఇప్పించాడు. పుస్తకంలో గల్లీ పేరూ లేదు, మనుషుల పేర్లూ లేవు. మగ్గాలున్నాయి, గీతలున్నాయి.

1947 వేసవిలో డాక్టరేటు వచ్చింది. ఉప్పలయ్య కొడుక్కి తన చేత్తో షేర్వాణీ కుట్టాడు. మెడ కొంచెం బిగుతైంది గానీ, ఆ పూట అది విప్పమని ఎవరన్నా శివరాములు వినేలా లేడు. అదే వేషంతో శుక్రవారం సెలవు నాడు అమీర్‌పేట వెళ్లి, పుస్తకంలో ఏముందో గల్లీ వాళ్లకు తెలుగులో చెప్పాడు. అందరూ బుద్ధిగా విన్నారు. మొగిలయ్య ఒక్కడే మొహం ముడుచుకున్నాడు.

"ఏంది కాకా, తప్పు రాసిన్నా?"

"తప్పు గాదు. గని పెద్దమనిషి ఇంట్ల రెండే మగ్గాలంటివి. పేరు లేకున్న నన్ను గుర్తువట్టరా? మూడన్నా రాయకపోతివి."

"ఉన్నవే రెండు గదనే," అంది బుచ్చవ్వ.

"నడుమ నీకేంది?"

అచ్చయిపోయింది కాకా, ఇక మార్చలేనని శివరాములు నచ్చజెప్పేసరికి మూడు చాయలైనాయి. కొన్నాళ్లకు ఒక సర్వే దఫ్తరులో కొత్తవాళ్లకు తర్ఫీదు ఇచ్చే కొలువు దొరికింది. ప్రశ్నల కాగితాలు అచ్చు వేయించే ముందు ఒక్కసారి అమీర్‌పేట వెళ్లి చదివి వినిపించడం అతనికి అలవాటైంది. బుచ్చవ్వ నేస్తూనే వినేది. సగం ప్రశ్నలు అక్కడే కొట్టివేతలో పోయేవి.