ఆ ఒడ్డుకు ఫోన్ చేసే సిస్టరమ్మ

ఇంటిపనికి పర్మనెంట్ వీసా అని నమ్మించి, నాగమణిని సందర్శకుల వీసా మీద మస్కట్‌కు పంపించాడు మాదాపూర్‌లో అద్దాల మేడలో కూర్చునే ఒక ఏజెంటు. వీసా కాగితం విమానాశ్రయంలో గానీ ఆమె చేతికివ్వలేదు. ఆమెను వెనక్కి రప్పించే పని సగంలో ఉండగా, పోయిన గురువారం పొద్దున మా సిస్టరమ్మ పోయారు. రాయదుర్గం మెట్రో మెట్లు దిగుతుంటే నాకు ఫోన్ వచ్చింది. మెడలో ఐడీ కార్డులతో జనం ఎప్పటిలాగే పరుగెత్తుతున్నారు. వాళ్లందరి మీదా కోపం వచ్చింది. పాపం, వాళ్లేం చేశారని?

సిస్టరమ్మది నరసాపురం వైపు. ఇరవై ఏళ్లు సముద్రం ఆ ఒడ్డున, మస్కట్‌లో నర్సుగా చేసి, రిటైరయ్యాక లింగంపల్లిలో మా పక్క వాటాలో దిగారు. గల్ఫ్‌కు పనికి పోయే ఆడవాళ్లు బయలుదేరే ముందు ఆవిడ దగ్గరికి వచ్చేవారు. ఆవిడ వాళ్ల చేత ఒక ఫోన్ నంబరు కంఠతా పట్టించేవారు. టీ ఇచ్చి, ఒక గుక్క తాగగానే, "ఏదీ, నంబరు చెప్పు" అనేవారు. తడబడితే కప్పు వెనక్కి లాక్కునేవారు.

"ఏందమ్మా, బడిపిల్లల లెక్క!" అని నవ్వింది నాగమణి. అప్పటికి ఆమె కోకాపేట టవర్లలో హౌస్‌కీపింగ్ చేసేది.

"నవ్వకే. దిగీదిగగానే ఫోను లాక్కుంటారు, కాగితాలు లాక్కుంటారు. బుర్రలోది లాక్కోలేరు కదా."

ఆ నంబరు మస్కట్ ఆవిడది. అక్కడి కార్మిక కార్యాలయంలో గుమాస్తా. ఆవిడ తొలి కాన్పు సిస్టరమ్మ చేతుల మీద జరిగిందట. ఎవరు దిగారు, ఎవరి జాడ తెలియడం లేదు అని వారానికోసారి ఇద్దరూ అరబ్బీలో మాట్లాడుకునేవారు. రెండు ప్రభుత్వాల పని ఇద్దరు ఆడవాళ్లు ఫోన్లో చేయడమేమిటని నేను మండిపడేవాణ్ణి.

"ఆ సముద్రం వాళ్లదీ మనదీను బాబూ. అవతల ఒకరు తలుపు తడితే, ఇవతల ఒకరు కాగితం పంపాలి. కోప్పడితే కోప్పడు గానీ, ముందు పాస్‌పోర్టు నంబరు రాసుకో" అనేవారు.

వెళ్లిన రెండు నెలలకు నాగమణి ఎవరి ఫోను నుంచో ఆ నంబరుకు చేసింది. మూడిళ్ల చాకిరీ, బయట తాళం, పాస్‌పోర్టు యజమాని దగ్గర. మస్కట్ ఆవిడ మెల్లగా మాట్లాడి యజమానిని కాస్త మెత్తబరిచింది.

అప్పుడే నేను కరపత్రం వేశాను. నేను చదివిన కరపత్రాల్లో గుట్టుగా చేసే పనికి మంచి పేరు లేదు. యజమాని పేరు, ఏజెంటు పేరు పెద్దక్షరాల్లో వేసి స్టేషన్ దగ్గర పంచడం మొదలుపెట్టాను. ఏజెంటు దాన్ని ఫొటో తీసి యజమానికి పంపాడు. ఆ రోజు నుంచి నాగమణి గొంతు వినబడలేదు.

"ఇంకెన్ని రోజులు బతిమాలుతం అమ్మా? వాళ్ల బండారం బయటపెట్టాలె గదా!" అన్నాను, తప్పు తెలుస్తూనే.

"పెట్టు. ఆ పిల్ల బయటికొచ్చాక పెట్టు. దాన్ని అడిగావా?"

అడగలేదు.

ఆవిడ తిట్టలేదు. "కాపీలేమైనా మిగిలాయా? వెనకవైపు ఖాళీయేనా?" అన్నారు. ఆ వెనకవైపు మీదే అర్జీలు రాశారు. నాగమణిని ఏ పనికని పంపారో, విదేశాలకు పనికి పోయేవాళ్ల సంగతి చూసే ఇక్కడి ప్రభుత్వ ఆఫీసు ఒక ఉత్తరం ఇస్తే, దాన్ని పట్టుకుని మస్కట్ ఆవిడ ఇన్‌స్పెక్టరుతో కలిసి ఆ ఇంటికి వెళ్లగలదు. మూడుసార్లు ఆ ఆఫీసుకు ఆవిడ వెంట నేనూ వెళ్లాను. ఆఫీసరు అర్జీని తిప్పి చూశాడు.

"ఇటు దిక్కు ఏందమ్మా ఇది?"

"అటువైపు చదవకండి. కోపంగా ఉంటుంది."

ఆయన నవ్వాడు గానీ సంతకం పెట్టలేదు. "సముద్రం అవతలి ముచ్చట మా కిందికి రాదమ్మా" అన్నాడు.

"మనిషి ఇవతలి మనిషేనండి" అన్నారు సిస్టరమ్మ. మెట్లు దిగుతూ రెండుచోట్ల ఆగి ఊపిరి తీసుకున్నారు. నాలుగోసారి వెళ్లే ఓపిక ఆ గుండెకు లేకపోయింది.

సమాధి చేసి వచ్చాక మస్కట్ ఆవిడకు నేనే ఫోన్ చేశాను. నా వచ్చీరాని ఉర్దూ, ఆవిడ వచ్చీరాని ఉర్దూ. చాలాసేపు ఏడ్చింది. తర్వాత ఒక్కటే అడిగింది, ఉత్తరం ఎప్పుడు వస్తుందని.

ఈసారి నాగమణి తల్లిని అడిగే ఈ కరపత్రం రాస్తున్నాను. యజమాని పేరు వేయలేదు. సోమవారం ఉదయం పది గంటలకు లింగంపల్లి స్టేషన్ బయట ఆటోలు ఆగే చోటికి రండి. ఆ తల్లిని ముందు పెట్టుకుని ఆఫీసుకు నడుద్దాం. సంతకం పడేదాకా మెట్ల మీదే కూర్చుందాం. మనకు పదయితే మస్కట్‌లో ఎనిమిదిన్నర. మనం ఎన్నడూ చూడని ఒకావిడ అప్పటికే తన గది తలుపు తీసి, ఇన్‌స్పెక్టరు కోసం ఎదురుగా కుర్చీ వేసి, బల్ల మీది ఫోను వంక చూస్తూ ఉంటుంది.