చిప్‌లకు పెట్టే నీళ్లు

చెన్నై మైలాపూరులో లోకల్ రైలెక్కి, తాగుదామని నీళ్ల సీసా తీశాను. పక్క సీటతను జేబులోంచి పెన్నులాంటి మీటరు తీసి, దాని మూత నా ముందు పట్టాడు.

"కాస్త ఇందులో పొయ్యన్నా, చూసి చెప్తా."

పోశాను. మీటరు అందులో ముంచితే మూడు వందల పది చూపించింది.

"మా చిప్‌లకైతే ఈ నీళ్లు పనికిరావు. మనుషులం గాబట్టి సరిపోతుంది," అని నవ్వాడు.

అతను పనిచేసే చోట ఏఐ కంప్యూటర్ల చిప్‌లు వేడెక్కకుండా, వాటిమీద లోహపు పలకలు బిగించి లోపల శుద్ధమైన నీళ్లు తిప్పుతారట. వాషర్‌మెన్‌పేట్‌లో తన ఇంటికొచ్చే క్యాను నీళ్లనూ అదే మీటరుతో చూసి, అంకె యాభై దాటితే వెనక్కి పంపేస్తాడట.

"అయినా పాపకు కామెర్లొచ్చినాయన్నా. ఆసుపత్రికే పోతా ఉండా. ఎట్లొచ్చినాయో తెలీలా."

అంకె తప్పుగా వాడితే నేను ఊరుకోలేను. ఆ మీటరు నీళ్లలో కరిగిన లవణాలనే కొలుస్తుందనీ, క్రిములెన్ని ఉన్నా అంకె పెరగదనీ చెప్పాను.

అతను మూతలో నీళ్లు కిటికీలోంచి పారబోసి, మీటరుకు బిగించాడు.

"ఆడ చిప్‌ల నీళ్లకు క్రిముల పరీక్ష వేరేగా చేయిస్తారన్నా. నెలనెలా ఆ నీళ్ల సీసాలు ల్యాబుకు తీసకపోయేది నేనే. మా ఇంటి నీళ్లు మాత్రం ఒక్కసారీ తీసకపోలా."