గుల్ల మోగని గది

ఇది మా కుటుంబం ఒక రాక్షస వ్యాధితో చేసిన మహాసంగ్రామ గాథ. అని మొదలుపెట్టాను గానీ, నిజానికి ఇందులో సంగ్రామం లేదు. ఒక తండ్రి, ఒక కూతురు, ఒక చేతికర్ర, మూడు వృద్ధుల హోములు ఉన్నాయి, అంతే.

మా బాపు గోదావరిఖనిలో టింబర్‌మన్‌గా చేసి రిటైరయ్యాడు. బొగ్గు బాయిలో పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టే పని. బాయిలోకి దిగేటప్పుడు తీసుకునే తన ల్యాంపు నంబరునే ఫోనుకు లాకుగా పెట్టుకున్నాడు. ఒక పొద్దున ఆ ఫోను నా చేతికిచ్చి, "బిడ్డా, నా ల్యాంపు నంబరెంత?" అన్నాడు.

"నన్నడుగుతవేంది బాపు? బాయిల దిగింది నువ్వా, నేనా?"

ఆయన నవ్వలేదు. ముప్పై ఏళ్లు రోజూ చెప్పిన నంబరది.

కరీంనగర్‌లో న్యూరాలజిస్టు ఎమ్మారై తీయించాడు. "ఇవాళ ఏ వారం?" అని అడిగితే, "ఇయ్యాల ఏ షిఫ్టో చెప్పు సారూ, వారం చెప్త" అన్నాడు బాపు. నాకు నవ్వొచ్చింది. డాక్టర్ దాన్ని కూడా కాగితం మీద రాసుకున్నాడు.

"వాస్క్యులర్ డిమెన్షియా. మందులు వేగం తగ్గిస్తాయంతే, పోయిన జ్ఞాపకం వెనక్కి రాదు. ఒంటరిగా వదలకండి."

వదలకుండా ఎట్లా? అమ్మ లేదు. నేను రోజూ మంచిర్యాల వెళ్లి బడిలో పాఠాలు చెప్పాలి. పగలు చూసుకోవడానికి ఇద్దరు మనుషులు వచ్చారు, ఇద్దరూ వారం తిరగకుండానే వెళ్లారు. క్లాసులో ఫోను మోగిన ప్రతిసారీ నాకు గ్యాస్ స్టవ్వే గుర్తొచ్చేది. ఒకరోజు నిజంగా స్టవ్వు గురించే మోగింది. పక్కింటి మల్లయ్య కాక వాసన పట్టి ఆపాడట.

ఆ సాయంత్రం బాపే అన్నాడు: "నన్ను ఏడన్న మంచి జాగల పెట్టు బిడ్డా. సోయి ఉన్నప్పుడే నేనే చూసుకుంట. తర్వాత నువ్వు చూపిచ్చినా నాకు ఎరుకగాదు."

ఆ సోయి ఎన్నాళ్లుంటుందో డాక్టర్‌కూ తెలియదు.

మొదటి హోము హోటల్‌లా ఉంది. బాపు గదిలోకి వెళ్లలేదు. గుమ్మంలోనే నిలబడి చేతికర్ర ఎత్తి పైకప్పును కొట్టాడు.

"గుల్ల ఉన్నది. ఈడ మనిషి పండద్దు."

మేనేజరు నా వైపు జాలిగా చూశాడు. రెండో చోటా అదే: కర్ర, గుల్ల, జాలి.

"అది ఆజిటేషన్, జబ్బుతో వచ్చే అలజడి" అని డాక్టర్ ఒక మాత్ర డోసు పెంచాడు. బాపు పగలంతా మత్తులో తూలి, బాత్‌రూములో పడ్డాడు. కుడి మణికట్టు విరిగింది. పైకప్పును కొట్టడం మాత్రం ఆగలేదు, చెయ్యి మార్చాడు.

కట్టు చూడడానికి మల్లయ్య కాక వచ్చాడు. ఆయనా బాపుతో బాయిలో చేసినవాడే. నేను కర్ర సంగతి చెప్పుకుని ఏడ్చినంత పని చేశాను.

"బీమారి గాదు బిడ్డా అది. షిఫ్టుల మేం ముందుగాల చేసే పనే గది. కప్పు కొట్టి చూస్తం. గుల్లగ మోగిందంటే పైపొర ఇడిసినట్టు, దాని కిందికి పోవద్దు. ఇంతకు ఆ హోములల్ల కప్పేంది?"

ఫాల్స్ సీలింగ్. లోపల ఖాళీ తప్ప ఏమీ ఉండదు, గుల్లగా మోగక ఏం చేస్తుంది? ఆ రెండు హోముల్లోనూ ఆ సంగతి కనిపెట్టిన మనిషి డిమెన్షియా పేషెంటు ఒక్కడే. డాక్టర్‌కు చెప్తే డోసు తగ్గించాడు.

మూడో హోము మంచిర్యాలలో, మా బడికి రెండు వీధుల అవతల. రంగు వెలిసిన పాత బిల్డింగు, వట్టి స్లాబు. బాపు కర్ర ఎత్తాడు. ఠక్‌మంది. ఇంకోచోట కొట్టాడు. కర్రను గోడకు ఆనించి, చెప్పులు విడిచి, మంచం మీద కూర్చున్నాడు.

"గట్టిగున్నది. నువ్వు జల్ది పో, బడికి ఆలస్యమైతది."

ఎనిమిది నెలలైంది. రోజూ బడి విడిచాక వెళ్తాను. ఇవాళ గుర్తుపడతాడో లేదోనని గుమ్మం బయట ఒక్క క్షణం ఆగుతాను. కొన్నిరోజులు నేను బిడ్డను, కొన్నిరోజులు తన షిఫ్టులో కొత్తగా చేరిన మనిషిని. "కప్పు చూసినవా?" అంటాడు. "చూసిన బాపు, గట్టిగున్నది" అంటాను. అప్పుడే లోపలికి రానిస్తాడు.

మీవాళ్లకు చోటు వెతుకుతుంటే, వాళ్లకు సోయి ఉండగానే తీసుకెళ్లండి, వాళ్ల పద్ధతిలో వాళ్లను చూసుకోనివ్వండి. కర్ర ఎత్తేముందు మాత్రం ఫ్యాను ఆపండి. బాపు గదిలోలా రెక్క ఒకసారి వంగితే, ఎంత సరిచేసినా ఊగుతూనే ఉంటుంది.