ఉత్త నీళ్ల బీకర్లు

మొన్నొకరోజు బడి నుంచి వచ్చినప్పటి నుంచి పాప ఒకటే తల గోక్కుంటుంటే, గడప దగ్గర వెలుతురులో కూర్చోబెట్టుకుని పాయలు తీసి చూశాను. చెవి వెనక రెండు పేన్లు, మెడ దగ్గర వెంట్రుకలకు అంటుకుని వరసగా పేను గుడ్లు, ఈపులు. నాలుగేళ్ల పిల్ల తలలో పేన్లు పడడం లోకంలో వింతేమీ కాదని నాకూ తెలుసు. కానీ దానికి చిన్న దగ్గు వచ్చినా, నిద్రలో ఉలిక్కిపడినా నా గుండె జారిపోతుంది, ఏం చేయను. మా అత్తమ్మ నా మొహం చూసి, "పేన్లు పడ్డందుకే గింత పరేషానా పిల్లా, పులి పట్టుకపోయినట్టు" అని నవ్వి, తానే చెప్పులేసుకుని మెడికల్ షాపుకు పోయి ఒక చిన్న సీసా తెచ్చి నా చేతిలో పెట్టింది. పాప పుట్టినప్పటి నుంచి ఇంట్లోకి వచ్చే ప్రతి సీసా మీదా చిన్న అక్షరాలు చదవడం నాకు అలవాటు. దీని వెనకా చదివాను. మందు పేరు పర్మెత్రిన్. మూత తీయకుండానే దాన్ని అలమరలో పైన పెట్టేసి, పాప తలకు కొబ్బరినూనె పట్టించి, పేన్ల దువ్వెనతో గంటసేపు దువ్వాను. అత్తమ్మ చాదస్తమనుకుని ఉంటుంది. ఆ పేరు నేను ఎనిమిదేళ్లుగా మరిచిపోవాలని చూస్తున్నానని ఆమెకు తెలియదు. అది జరిగి నాలుగు రోజులైంది. ఈ రాత్రి ఇంట్లో అందరూ పడుకున్నాక, ఇదంతా ఒకచోట రాసుకుంటే మనసు కొంచెం కుదుటపడుతుందేమోనని కూర్చున్నాను.

అప్పటికి నాకు పెళ్లి కాలేదు, మాది ఎల్లారెడ్డి. కామారెడ్డిలో జంతుశాస్త్రంలో ఎమ్మెస్సీ చదివేదాన్ని. పొద్దున్నే లింగంపేట మీదుగా వచ్చే బస్సెక్కి, సాయంత్రం ఐదు గంటల బస్సుకు తిరిగి వెళ్లేవాళ్లం. పాసులున్న పిల్లలమంతా ఒకరి ఒళ్లో ఒకరం కూర్చుని, ఒకరి భుజం మీద ఒకరం తలలు వాల్చి, నోట్సులు చదువుకుంటూ, చదవకుండా నిద్రపోతూ వెళ్లిన ఆ ప్రయాణాలు నా ఈడు వాళ్లకు గుర్తుండే ఉంటాయి. ఐదు గంటల బస్సు తప్పితే తర్వాతి దానికి ఇంటికి చేరేసరికి చీకటి పడిపోయేది, వాకిట్లో నిలబడి ఉండే నాన్న ఏమీ అనేవాడు కాదు గానీ ఆ అనకపోవడమే నాకు భయం. అందుకే మా ప్రాణాలన్నీ ఆ బస్సు మీదే ఉండేవి. ఈ సంగతి ముందే చెప్పడానికి కారణం ఉంది.

రెండో ఏడు నాకు మా సారు ఇచ్చిన ప్రాజెక్టు, మక్క చేలల్లో కొట్టే ఒక గడ్డిమందు వాన నీళ్లతో చెరువుల్లోకి పోతే అక్కడి చిన్న ప్రాణులను ఎంత మోతాదులో చంపుతుందో తేల్చడం. దానికి డాఫ్నియా అనే జీవులను వాడతారు. ఆవగింజంత ఉంటాయి, గాజులాగా లోపలున్నదంతా కనిపిస్తుంది, నీళ్లలో చిన్నగా ఎగిరెగిరి పడుతున్నట్టు ఈదుతాయి. వెడల్పు మూతి జాడీల్లో పాకురు నీళ్లు పోసి తల్లులను పెంచేవాళ్లం. పుట్టి ఒక్కరోజు కూడా దాటని పిల్లలను మాత్రమే డ్రాపరుతో తీసి, బీకరుకు ఐదు చొప్పున వదలాలి. కొన్ని బీకర్లలో మందు కొద్దికొద్దిగా పెంచుకుంటూ కలపాలి, నాలుగు బీకర్లలో మాత్రం ఏ మందూ లేని ఉత్త నీళ్లే ఉంచాలి. రెండు రోజులు వాటికి తిండి పెట్టకూడదు. ఇరవై నాలుగు గంటలప్పుడు ఒకసారి, నలభై ఎనిమిది గంటలప్పుడు ఒకసారి బీకరును మెల్లగా తిప్పి, పదిహేను వరకూ లెక్కపెట్టి, అప్పటికీ ఈదనివాటిని రాసుకోవాలి. ఉత్త నీళ్లలో ఉన్నవి బతకాలి. ఇరవైలో రెండింటికి మించి అవి కూడా కదలకపోతే, మందు సంగతి పక్కన పెట్టి, మన చేతిలోనే ఏదో తప్పుందని అర్థం, ప్రయోగం మొత్తం పారబోయాలి.

ఈ పనంతా చూసి తెగ నవ్వే మనిషి ఒకామె ఉండేది, మా ల్యాబ్ ఆయమ్మ. కామారెడ్డిలోనే ఉండేది, యాభై ఏళ్లకు దగ్గరగా ఉండేవేమో. ఊడ్చడం, నీళ్లు పట్టడం, గాజు సామాను కడగడం ఆమె పని. నేను జాడీల్లో నీళ్లు మారుస్తుంటే పక్కన నిలబడి, "గీ పురుగులకు గింత సేవనా? మా కోడలు బాలింతయితే సుత నేను గింత చేయలే" అనేది. ఒకరోజు లెన్సులో తల్లి డాఫ్నియాను చూపించాను. వీపు దగ్గర సంచిలో కదులుతున్న పిల్లలను చాలాసేపు చూసి, "ఓ అవ్వ, ఈపు మీద మోస్తుంది చూడు బిడ్డా" అంది, ఆ రోజు నుంచి జాడీల దగ్గర చీపురు చప్పుడు కూడా కానిచ్చేది కాదు. సారుకు కూడా ఆమె అంటే గురి. నమ్మకంగా చేస్తుందని నలుగురిలో చెప్పేవారు, ఆ మాట అన్న రోజు ఆమె నడకే వేరుగా ఉండేది.

ఈ ప్రయోగానికి వాడే బీకర్లను సబ్బుతో కడగకూడదు, విద్యార్థులే స్వయంగా కడుక్కోవాలి. అది సారు పెట్టిన నియమం. ఒక శనివారం సాయంత్రం నాకు కడిగే తీరిక లేకపోయింది, ఐదు గంటల బస్సు. ఆయమ్మను బతిమాలాను, ఉత్త నీళ్లతో బాగా కడిగి బోర్లించమని, సబ్బు తగలనీయొద్దని. "నాకు తెల్వదా, నువ్వు పో, బస్సు పోతది" అని నన్ను గుమ్మం దాకా తోలింది.

ఆదివారం అమ్మ నా తల చూసి నెత్తి కొట్టుకుంది. బస్సులో అన్ని తలలు అన్ని తలలకు ఆనుకుని ప్రయాణం చేస్తే పేన్లు పడక ఏమవుతుంది. ఇరవై రెండేళ్ల పిల్లను, ఎమ్మెస్సీ చదివేదాన్ని, నాకు చచ్చేంత సిగ్గనిపించింది. ఆ రాత్రి అమ్మ సీసాడు మందు తలకు పట్టించింది. పొద్దున హడావుడిగా కడుక్కుని, తడి జడతోనే బస్సెక్కాను. ల్యాబులో బీకర్లన్నిటికీ పోయాల్సిన నీళ్ల జాడీ మీదికి వంగినప్పుడు, నా జడ కొస జారి అందులో పడింది. తీసి పిండుకుని, వెనక్కి వేసుకుని, నా పని నేను చేసుకున్నాను. ఆ క్షణంలో నాకేమీ తోచలేదు, ఇది నిజం. ఆ తర్వాత జరిగినదానికే నాకు సాకు లేదు.

మంగళవారం పొద్దున చూస్తే మందు కలిపిన బీకర్లతో పాటు ఉత్త నీళ్ల బీకర్లలో కూడా పిల్లలు అడుగున పడి ఉన్నాయి. తిప్పి పదిహేను లెక్కపెట్టాను, మళ్లీ లెక్కపెట్టాను. ఇరవైలో మూడే ఈదుతున్నాయి. సారు వచ్చి చూసి, బీకర్లు ఎవరు కడిగారని అడిగారు. నేను నోరు తెరిచేలోపే ఆయమ్మ, "నేనే కడిగిన సారు, పిల్లకు బస్సు పోతదని" అంది. సింకు పక్క అరలో సబ్బుపొడి ప్యాకెట్టు ఉంది. సారు దాని వంక చూశారు. "సబ్బు పెట్టలే సారు, ఉత్త నీళ్లతోనే కడిగిన, నాలుగుసార్లు కడిగిన" అని ఆమె చెప్తూనే ఉంది. ఆయన అరవలేదు. నియమం నియమమే అని నన్ను రెండు మాటలని, ఆమెను ఒక్క మాట కూడా అనకుండా బయటికి వెళ్లిపోయారు.

ఆ సాయంత్రం ఇంటికి వెళ్లి పెరట్లో పడేసిన మందు సీసా ఏరుకుని చదివాను, పర్మెత్రిన్. పేన్లను చంపే మందు డాఫ్నియాను వదులుతుందా, రెండింటిదీ ఆ మందుకు లొంగే ఒంటితీరే. లీటరు నీళ్లలో కంటికి కనిపించనంత చాలు. మేం పాఠంలో చదివిందే. పొద్దున లేవగానే సారుకు చెప్పేయాలనుకున్నాను. పొద్దున బస్సులో, క్లాసంతా వినేలా నా తలలో పేన్ల సంగతి ఎలా చెప్పడమా అనుకున్నాను. మధ్యాహ్నం ఆయన ఒంటరిగా ఉన్నప్పుడు చెబుదామనుకున్నాను. ఆ తర్వాత వారం గడిచింది. ఈలోగా ఆయమ్మను ల్యాబు నుంచి తీసేసి ఆరుబయట ఊడ్చే పనికి వేశారు, ఆ ఏడు చివర మళ్లీ పనిలోకి పిలవలేదు. నేను అదే ప్రయోగాన్ని జుట్టు గట్టిగా ముడేసుకుని మళ్లీ చేశాను. ఉత్త నీళ్ల పిల్లలన్నీ బతికాయి. నా గ్రాఫు సారు అందరికీ చూపించారు. రిపోర్టులో మొదటి ప్రయోగం గురించి ఒక వాక్యం ఉంది, గాజు సామాను శుభ్రతలో లోపం వల్ల రద్దయిందని. ఆ వాక్యం నేనే రాశాను.

పెళ్లయి కామారెడ్డికే వచ్చాను. పాపను బడికి తీసుకెళ్లే దారిలో, బస్టాండు దగ్గర ఒక టిఫిన్ సెంటరు ఉంది. దాని పక్క సందులో ప్లేట్లు కడుగుతూ ఆయమ్మ కనిపించి ఏడాది దాటింది. మొదటిరోజు చున్నీ తల మీదికి లాక్కుని దాటిపోయాను. తర్వాత అదే అలవాటైంది.

పేన్ల మందు సీసా అలమరలో పెట్టిన మర్నాడు మాత్రం, పాప చెయ్యి పట్టుకుని ఆ సందులోకి వెళ్లాను. ఆమె తలెత్తి చూసి, చేతులు కొంగుకు తుడుచుకుంటూ, "ఎల్లారెడ్డి పిల్లవు గదా నువ్వు, గా పురుగుల పిల్లవు" అని పాప బుగ్గ గిల్లింది. ఆమె కడిగిన ప్లేటునే మళ్లీ మళ్లీ కడుగుతుందని, నీళ్లన్నీ ఒడగొట్టి తొట్టి ఖాళీ చేస్తుందని లోపలి నుంచి ఓనరు గొణుగుతున్నాడు. నేను చెప్పాల్సింది నిలబడే చెప్పేశాను, జడ సంగతి, సీసా సంగతి, రాసిన వాక్యం సంగతి. ఆమె స్టూలు మీద కూర్చుంది.

"పేన్ల మందా" అని నవ్వింది. కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వి, కొంగుతో తుడుచుకుంది.

"కడిగే పీచుల సబ్బు అంటుకుని ఉండెనేమో అనుకున్న బిడ్డా. గిన్నేండ్లు గదే అనుకున్న. పసిగుడ్లు గదా అవి, నా చేతుల పోయినయి అనుకున్న."

మళ్లీ నా వైపు చూసి, "మరి గప్పుడెందుకు చెప్పలే?" అంది.

"సిగ్గయింది ఆయమ్మా."

"పేన్లు ఎవలకు పడయి" అంది. కోపంగా అనలేదు. నిజంగానే అర్థం కాక అడిగినట్టు అంది.

లేచి వస్తుంటే పిలిచింది. "సారుకు చెప్తవా? గా దినం నుంచి నాతోని ఒక్క మాట మాట్లాడలే. ఆయమ్మ సబ్బు పెట్టలేదట అని చెప్పు, గంతే. చెప్పి, ఏమన్నడో నాకు వచ్చి చెప్పు."

పాత క్లాసు వాళ్లను అడిగి నంబరు సంపాదించి, ఆ మధ్యాహ్నమే సారుకు ఫోన్ చేశాను. రిటైరై హైదరాబాదులో ఉంటున్నారు, గొంతు బాగా మెత్తబడింది. పేరు చెప్పగానే గుర్తుపట్టి, "గడ్డిమందు ప్రాజెక్టు కదూ, ఎంత చక్కటి గ్రాఫమ్మా అది" అన్నారు. నేను మొదటి నుంచి చివరి దాకా చెప్పాను. అంతా విని ఆయన, "ఆయమ్మా? ఏ ఆయమ్మ?" అన్నారు. నేను పోలికలు చెప్పాను, చీపురు సంగతి, లెన్సు సంగతి చెప్పాను. "చాలామంది పని చేశారు కదమ్మా, ఎవరని గుర్తుంటుంది. పోనీలే, రెండోసారి సరిగ్గానే చేశావుగా" అని పాపకు ఎన్నేళ్లని అడిగారు.

ఆయన ఏమనుకుంటారోనని ఒక మనిషి బతుకుదెరువు పోతుంటే నోరు మూసుకున్న పిల్లను నేను. ఆయనకిప్పుడు ఆ మనిషే గుర్తులేదు. ఎల్లారెడ్డి బస్సుల్లో ఇప్పటి ఆడపిల్లలు ఒకరి భుజం మీద ఒకరు తల పెట్టుకుని పడుకుంటున్నారో, ఎవరి ఫోన్లు వాళ్లు చూసుకుంటున్నారో నాకు తెలియదు. మా ల్యాబులో ఇప్పుడు డాఫ్నియా జాడీలు లేవట, క్లాసు వాళ్లు చెప్పారు. నా రిపోర్టు మాత్రం ఎక్కడో బీరువాలో, ఆ వాక్యంతో సహా, భద్రంగా ఉండే ఉంటుంది. అప్పుడు చెప్పి ఉంటే ఒక్క పూట సిగ్గుతో పోయేది. ఇప్పుడు చెప్తే విని తల ఊపడానికి కూడా, ఆ తల ఊపడం కోసం ఎదురుచూస్తున్న మనిషి తప్ప ఎవరూ మిగల్లేదు.

మూడు రోజులుగా పాపను వేరే వీధిలోంచి బడికి తిప్పి తీసుకెళ్తున్నాను. నిన్న అది అడగనే అడిగింది, "అమ్మా, మనం పూరీల వాసన తొవ్వల ఎందుకు పోతలేం?" అని. సారు చాలా బాధపడ్డారని, నిన్ను అడిగారని చెప్తే ఆయమ్మ మొహం ఎలా వెలుగుతుందో నాకు ఇక్కడి నుంచే కనిపిస్తోంది. ఆ మాట ఎంత తేలిగ్గా నోటికొస్తుందో కూడా తెలుస్తోంది. ఆమె మీద ఒక అబద్ధం ఇదివరకే రాసి ఉన్నాను. రేపు పాపను ఆ దారినే తీసుకెళ్తాను, సారు మరిచిపోయారనే చెప్తాను, చెప్పాక ఆమె ప్లేట్లు కడుగుతున్నంతసేపూ పక్కన కూర్చుంటాను, ఆమె కూర్చోనిస్తే.