గుమ్మం దగ్గర దొరికిన ఆధారం

క్రిమినాలజీ చదివే ఆ రోజుల్లో, విశాఖలో తేలని నేరాలన్నీ నా కోసమే ఆగి ఉన్నాయని నాకో గట్టి నమ్మకం. ఆఖరి సెమిస్టర్లో పోలీస్ స్టేషన్‌లో ఇంటర్న్‌షిప్ వేశారు. ఎస్సైగారు సర్టిఫికెట్ మీద సంతకం పెడితేనే పాస్. ఆయన మొదటివారమంతా నా చేత టీలు తెప్పించి, "ఒక్క తప్పు సేసినావంటే సంతకం ఉండదు, తెలిసిందా?" అనేవారు. (టీల విషయంలో నేనే తప్పూ చేయలేదు.)

ఓ పొద్దున్న సీతమ్మధారలో ఒక ఇంట్లో దొంగతనం జరిగిందని కబురొచ్చింది. నేను మద్దిలపాలెం ట్రాఫిక్‌లో ఇరుక్కుని, అందరికంటే వెనకగా, రొప్పుకుంటూ లోపలికి పరిగెత్తాను. పగలగొట్టిన బీరువా చూడగానే ఒళ్ళు పులకరించింది (పక్కనే ఆ ఇంటి మామ్మగారు ఏడుస్తున్నారు, నాకు సిగ్గు లేదు). ఇంతలో గుమ్మం దగ్గర్నుంచి హెడ్ కానిస్టేబుల్ కేక: "సార్, ఇక్కడ మగోళ్ళ సెప్పుల జతుందండి! మామ్మగారిని అడిగితే తమవి కావంటన్నారు!"

అంతే, నాలోని డిటెక్టివ్ లేచి నిలబడ్డాడు. "దొంగవే సార్! చప్పుడు కాకుండా విప్పేసి వచ్చి, కంగారులో వదిలేసి పారిపోయాడు. పోలీసు కుక్కని పిలిపించండి," అన్నాను. బయటికెళ్ళి ఆ చెప్పులు ఒకసారి చూసే ఓపిక కూడా లేదు. "కుర్రోడికి బుర్రుందయ్యా," అన్నారు ఎస్సైగారు. ఆ మాటకి నా కాళ్ళు నేల మీద ఆనలేదు. ఆని ఉంటే గచ్చు చల్లగా తగిలి, అప్పుడైనా తెలిసేది.

కుక్క వచ్చి చెప్పులు వాసన చూసింది. వీధిలోకి పరిగెడుతుందని అందరం దారిచ్చాం. అది నింపాదిగా లోపలికొచ్చి, హాలు దాటి, నా ఎదుట కూర్చుని మొరిగింది. ఎస్సైగారు నా మొహం చూశారు, తర్వాత నా కాళ్ళు చూశారు. నేనూ చూసుకున్నాను. ఉత్తి కాళ్ళు! ఎవరింటికెళ్ళినా గుమ్మం దగ్గర చెప్పులు విప్పాలని చిన్నప్పుడు అమ్మ వేసిన మొట్టికాయల ముందు, నా మూడేళ్ళ చదువు ఏ మూలకీ రాలేదు.

"ఏటిది?" అన్నారు ఎస్సైగారు.

"అలవాటు సార్..."

"రేపట్నించి రాకు. సంతకం లేదు, ఏటీ లేదు!"

నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. అప్పటిదాకా ఏడుస్తున్న మామ్మగారు మాత్రం చెంగుతో మొహం తుడుచుకుని లేచారు. "దొంగెదవ సెప్పులిప్పీసి వత్తాడేటి బాబూ? మీరంతా బూట్లతో దేవుడి గది దాకా తొక్కీసినారు. ఈ బాబొక్కడే ఇప్పుకొచ్చాడు. ఈడికి సంతకం ఎట్టకపోతే నాను ఊరుకోను!"

ఎస్సైగారు తన బూట్ల వంక చూసుకుని దగ్గారు. సంతకం దొరికింది.

ఇప్పుడు పిల్లల్ని ఇంటర్న్‌షిప్పులకి పంపే మాస్టారిని నేనే. నేరం జరిగిన చోట మన వస్తువేదీ వదలకూడదని మొదటి క్లాసులోనే గట్టిగా చెబుతాను. మొన్న మధురవాడలో అలాంటి ఇంటికే వాళ్ళని తీసుకెళ్ళాను. పిల్లలంతా బుద్ధిగా బూట్లకి తొడుగులు వేసుకుని లోపలికి నడిచారు. వెనక్కి తిరిగి చూస్తే, గుమ్మం దగ్గర ఒకే ఒక్క చెప్పుల జత.

ఈసారి కుక్క వచ్చేలోపే తొడుక్కున్నాను. ఇన్నేళ్ళలో ఆ మాత్రం ఎదిగాను లెండి.