కడ్డీకి కుంకుమ వద్దన్న చంద్రప్ప

హిందూపురం మెకానిక్ చంద్రప్ప పోయాడు. ధర్మవరం నుంచి ఇంటికి వస్తుండగా పెనుకొండ దగ్గర మలుపులో, వానలో కారు జారి బోల్తాపడింది. ఫోనులో ఆ మాట విన్నప్పుడు నమ్మలేదు. ఆస్పత్రి బయట మెట్ల మీద ఆయన భార్య పుష్పావతమ్మను చూశాక నమ్మక తప్పలేదు. దేహం ఇంటికి చేరకముందే ఊళ్లో ఒక మాట పుట్టింది: "ఆయుధపూజ నాడు షెడ్డులో గుమ్మడికాయ కొట్టనీయలేదు కదా, ఇంకేమైతాది?" బతికుంటే దీనికి ఆయనే జవాబు చెప్పేవాడు. మా హేతువాద మిత్రబృందంలో అంత పదునైన నోరు మరొకటి లేదు. ఆ నోరు మూతపడింది కనుక నేను రాస్తున్నాను.

ఆయన షెడ్డుకు వచ్చేవన్నీ పాత కార్లే. రొళ్ల, మడకశిర దారుల గుంతల్లో తిరిగి తిరిగి వాటి కీళ్లు సడలి ఉండేవి. ఆయన బానెట్ ఎత్తి, ముందు చక్రాల స్ప్రింగుల పైకొసలు కూర్చునే రెండు బురుజుల్లాంటి దిమ్మెల నడుమ అడ్డంగా ఒక ఇనుప కడ్డీ బిగించేవాడు. ఎందుకని అడిగినవాళ్లకు షెడ్డులోని పాత మంచాన్ని చూపించేవాడు. "ఈ మూల ఎత్తబ్బా. ఆ మూల లేస్తాందా? లేదు, మంచం మెలిపడతాంది. నీ కారూ అంతే. నువ్వు స్టీరింగ్ తిప్పినాక ఒళ్లు మెలి తిరిగి, ఆమీద చక్రానికి సంగతి తెలుస్తాది." మంచానికి అడ్డంగా పలక కొట్టి మళ్లీ ఎత్తించేవాడు. ఈసారి రెండు మూలలూ కలిసి లేచేవి.

నేనొకసారి ఎకసెక్కమాడాను: "ఏమప్పా, తాయెత్తులు వద్దని ఉపన్యాసాలిస్తావు, నువ్వు కట్టేది ఇనుప తాయెత్తే కదా?"

ఆయనకు కోపం రాలేదు. "పరీక్ష పెడదాం" అన్నాడు. డ్రైవర్లను ఒక్కొక్కరిని పిలిచి, కడ్డీ ఒకసారి బిగించి, ఒకసారి వదులుచేసి, ఏది ఎప్పుడో చెప్పకుండా బండి నడపమన్నాడు. మలుపులో తేడాను చాలామంది సరిగ్గానే పట్టుకున్నారు. కానీ కొందరు కడ్డీ వదులుగా ఉన్నప్పుడు కూడా దిగివచ్చి, "బండి చేతిలో ఉండాది మేస్త్రీ, రాయి మాదిరి ఉండాది" అన్నారు. నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. చేతులు తుడుచుకుంటూ చాలాసేపు ఆ బండినే చూశాడు. "బండికి బిగువు వచ్చింది నిజం. మనిషికి అంతకన్నా ఎక్కువ వచ్చింది. అది నాకు భయంగా ఉండాది" అన్నాడు.

ఆ రోజు నుంచి కడ్డీ బిగించే ముందు టైరు మీద అరచెయ్యి ఆనించి చూడటం ఆయన నియమమైంది. టైరు నున్నగా తగిలితే పని చేసేవాడు కాదు. "కడ్డీ ఒంటిని పట్టుకుంటాదప్పా, రోడ్డును కాదు. రోడ్డును పట్టుకునేది ఈ అరచెయ్యంత రబ్బరే" అని తిప్పి పంపేవాడు. కొందరు తిట్టుకుంటూ వేరే షెడ్డుకు పోయేవారు.

ఇంత చెప్పినా ఏం జరిగింది? డ్రైవర్లు ఆ కడ్డీకే పసుపు పూసి, కుంకుమ పెట్టి, నిమ్మకాయ కట్టడం మొదలుపెట్టారు. చంద్రప్ప కంటపడితే గుడ్డతో తుడిచేసేవాడు. మన జనానికి దేవుళ్లు చాలక కాదు, ఆలోచించే శ్రమ తప్పితే చాలునని. చేతికందిన ఇనుమునైనా మొక్కి, ఆ తర్వాత కళ్లు మూసుకుంటారు.

ఆఖరి రోజు సంగతి నాకు చెప్పినవాడు నరసింహులు. ధర్మవరం నుంచి పట్టుచీరల మూటలు చేరవేసే డ్రైవర్ అతను; ఆ రోజు కారు నడిపిందీ అతనే. తలకు కట్టుతో ఆస్పత్రి మంచం మీద పడుకుని, గోడవైపు తిరిగి చెప్పాడు. కడ్డీ బిగించిననాడు అతని టైర్లు కొత్తవే. తర్వాత అరిగాయి, అతను మార్చలేదు. సామాను కొనడానికి ధర్మవరం వచ్చిన చంద్రప్ప కారెక్కబోతూ వంగి టైరు తడిమాడు.

"ఏమిరా, గుండు చేయించినావా దీనికి?"

"కడ్డీ ఉండాది కదా మేస్త్రీ, నువ్వు బిగించిందే."

"కడ్డీ ఏం చేస్తాదిరా వానొస్తే? రేపు మార్చు. మెల్లగా పోనీ."

ఆ మాట అని కూడా ఆయన కారెక్కాడు. ఇది ఆయన చేసిన తప్పు. ఆయనను దేవుణ్ణి చేయడం నాకిష్టం లేదు, అందుకే దాచడం లేదు. వేరే బండి చూసుకోవలసింది. పెనుకొండ చేరేసరికి వాన పట్టుకుంది. "మెల్లగా పోనీ అంటానే ఉన్నాడు సార్. బండి బిగువుగా ఉండాది, ఏమీ కాదనుకున్నా" అన్నాడు నరసింహులు.

గుమ్మడికాయ కొట్టనందుకు ఎవరూ చావలేదు. నున్నబడిన రబ్బరు, తడిసిన తారు, టైరు పట్టుకు మించిన ధైర్యం. కారణాలు ఇవే. వీటిని విధి అనేవాళ్లు ఇంకొకరి చావుకు దారి వేస్తున్నారు.

నుజ్జయిన కారును షెడ్డు ముందుకు తెచ్చారు. సంస్మరణకు వచ్చిన డ్రైవర్లు అందులోంచి కడ్డీని ఊడదీసి, కుంకుమ పెట్టి, పూలు చుట్టి, చంద్రప్ప ఫొటో పక్కన నిలబెట్టారు. "కారంతా నుజ్జయింది, ఇది వంగనైనా లేదు చూడమ్మా. ఇది ఉత్త ఇనుము కాదు" అన్నాడు ఒక పెద్దాయన పుష్పావతమ్మతో.

అంతవరకు ఒక మూల కూర్చున్న పుష్పావతమ్మ లేచింది. కొంగుతో కడ్డీ మీది కుంకుమ తుడిచింది.

"ఉత్త ఇనుమేనన్నా. ఆయప్ప బతికినన్నాళ్లూ అదే చెప్పినాడు. ఆ టైరు యాడుండాది? దాన్ని ఊడబెరికి ఈడ, వాకిట్లో తగిలించండి. వచ్చినోళ్లు చెయ్యి పెట్టి చూడనీ."

ఆ పెద్దాయనే వెళ్లి జాకీ తెచ్చాడు.

ఆ టైరు ఇప్పుడు షెడ్డు వాకిట్లో వేలాడుతోంది. షెడ్డు తలుపు మూసే ఉంది. కడ్డీ బిగించేవాళ్లు హిందూపురంలో ఇంకా ఉన్నారు. బిగించననే మనిషి పోయాడు. చంద్రప్పకు నివాళి ఇవ్వదలచినవాళ్లు ఆ వాకిటి ముందు చేతులు జోడించనక్కరలేదు. నున్నటి ఆ రబ్బరు మీద ఒకసారి అరచెయ్యి పెట్టి, తర్వాత వెళ్లి తమ బండి దగ్గర వంగితే చాలు.